ఐదు వేళ్ళ తుప్పు

"అక్కా! నాన్నా! తొందరగా రండి, కత్తి మీద ఎవరిదో చెయ్యి ఉంది!"

వానలు మొదలైన కొత్తలో ఒక పొద్దున్న మా మరదలు వెనక షెడ్డులోంచి పెట్టిన కేక ఇది. నేను నోట్లో బ్రష్షుతోనే పరిగెత్తాను. ముందురోజు మా మామయ్య మెరుగుపెట్టి ఇస్తే బల్ల మీద వరసగా పేర్చిన కత్తుల్లో ఒకదాని మీద, నిజంగానే, చెయ్యి ఉంది. పిడి పైన ఉండే అలుగుకి ఒక వైపు నాలుగు వేళ్ళు, రెండో వైపు బొటనవేలు. ఎర్రటి తుప్పుతో అచ్చు గుద్దినట్టున్నాయి. వేలి గీతలు కూడా కనిపిస్తున్నాయి. పక్క కత్తి మీదా అవే వేళ్ళు. ఆ పక్కదాని మీదా అవే.

మరదలికి పట్టపగ్గాల్లేవు. "ఎవరూ కదలొద్దు. అందరూ చేతులు చాపండి," అని నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఒక్కొక్కరి వేళ్ళూ ఆ మచ్చల పక్కన ఆనించి కొలవడం మొదలుపెట్టింది. మామయ్య వేళ్ళు లావు. నా భార్య వేళ్ళు మరీ సన్నం. మరదలివి పొట్టి వేళ్ళు. నా చెయ్యి పెట్టగానే అతికినట్టు సరిపోయింది.

"దొంగ దొరికాడు!" అని చప్పట్లు కొట్టింది. "బావా, కత్తులన్నిటి మీదా వేలిముద్రలు వేసేశారు. ఆస్తి రాయించుకుంటున్నారా ఏంటి?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వానే గానీ, వాటిని పేర్చింది నేనేనని గుర్తొచ్చి లోపల భయం పట్టుకుంది.

ఎందుకో చెప్పాలి. మా మామయ్యది వంటింటి కత్తులు చేసే పని. వీధి వైపు గది కొట్టు. వెనకాల పొడుగాటి రేకుల షెడ్డు, అందులో కొలిమి, ఉక్కుని పెట్టి కొట్టే దాగలి, మెరుగుపెట్టే చక్రం. ఆయన ఉక్కు కాల్చి, సుత్తితో సాగగొట్టి అలుగు చేస్తారు. నా భార్య దాన్ని సానరాయి మీద పదును పెడుతుంది. మరదలు పిడి బిగిస్తుంది. అన్నీ కార్బన్ స్టీలు కత్తులే. ఆ ఇంట్లో స్టెయిన్‌లెస్ స్టీలు ఊసెత్తితే తిట్టినట్టే లెక్క. కార్బన్ స్టీలు కత్తిని టమాటా మీద ఆనిస్తే చాలు, దానంతట అదే దిగిపోతుంది. కానీ తడి తగిలి కాసేపుంటే తుప్పు పట్టేస్తుంది. ఆ పదునూ దానిదే, ఆ రోగమూ దానిదే.

నేను వేరే ఊళ్ళో బట్టలకొట్టు గుమాస్తాని. మొదటిసారి నా భార్యని చూసినప్పుడు తను సానరాయి ముందు కూర్చుని పదును పెడుతోంది. ఎవరొచ్చారా అని తలెత్తి కూడా చూడలేదు. నేను ఆ రోజే పడిపోయాను, మనిషి మీదా, ఆ పని మీదా. పెళ్ళయ్యాక తను ఆ ఇల్లు వదిలి రావడానికి లేదు, తన పదును లేకపోతే ఆ కొట్టుకు పేరే లేదు. అందుకని నేనే వచ్చి పని నేర్చుకుంటానన్నాను. మా షావుకారు, "వానల్లో ఎలాగూ బేరాలుండవు, వెళ్ళు. వానలు తగ్గేసరికి రాకపోతే మాత్రం నీ చోట్లో ఇంకొకణ్ణి కూర్చోబెడతా," అన్నాడు. అంటే ఈ వానలు తగ్గేలోపు నా చేతికి ఈ పని అబ్బాలి. అబ్బకపోతే తనిక్కడ, నేనక్కడ. కొత్తగా పెళ్ళైనవాడికి ఇంతకంటే పెద్ద పరీక్ష ఏముంటుంది?

మామయ్య న్యాయం తప్పని మనిషి. ఒక్క పొద్దున్న చూసి తీర్పు చెప్పరు. ఆ సాయంత్రం నలుగురి చేతికీ తలో కొత్త అలుగు ఇచ్చి, కాసేపు పట్టుకోమని, అన్నీ ఒక తడిగుడ్డ కింద పెట్టించారు. తెల్లారి గుడ్డ తీస్తే మూడు అలుగులు తళతళలాడుతున్నాయి. నాలుగోదాని మీద ఐదు వేళ్ళు, ముందుకంటే ఎర్రగా.

ఆయన నా అరచెయ్యి తిప్పి తిప్పి చూశారు. కోపం లేదు సరికదా, ఏదో వింత వస్తువు చూసినట్టు చూశారు. "కొందరి చెమట ఇలా ఉంటుందని మా గురువుగారు చెప్పేవారు అల్లుడుగారూ. నేను నమ్మేవాణ్ణి కాదు. మా ఇంటికే వస్తుందనుకోలేదు," అన్నారు. తర్వాత చాలా మర్యాదగా, "మీరు కొట్టులో కూర్చోండి. అక్కడ గాలి బాగా వస్తుంది," అన్నారు.

గాలి సంగతి ఏమో గానీ నా ప్రాణం ఉసూరుమంది. ఊరుకుంటానా? సబ్బుతో చేతులు అరిగిపోయేలా కడిగాను. పౌడరు రాశాను. గుడ్డ గ్లవ్స్ వేసుకుంటే చెమట వాటిలోంచి కూడా దిగింది. రబ్బరు గ్లవ్స్ వేసుకుంటే అలుగు జారి కాలి పక్కన పడింది, మామయ్య ఆ గ్లవ్స్ లాగేసుకున్నారు. మరదలు రోజుకో వైద్యం చెప్పేది. నేను అన్నీ చేసేవాణ్ణి. ప్రతి పొద్దున్నా తడిగుడ్డ తీయడం, నా ఐదు వేళ్ళూ నన్ను చూసి పలకరించడం.

ఇంతలో వంటాయన వచ్చాడు. రైల్వే స్టేషన్ ఎదురుగా ఉన్న పెద్ద హోటలుకి పెద్ద వంటాయన, మామయ్యకి పాత ఖాతాదారు, కొట్టు గుమ్మం పట్టనంత మనిషి. గొడుగు విదిలించి, చంకలోంచి ఒక తువ్వాలు మూట తీసి బల్ల మీద విప్పాడు. లోపల మామయ్య చేసిన కత్తులే. కానీ ఇటుక రంగులో ఉన్నాయి.

"పదునుకి వంక పెట్టను పెద్దాయనా," అన్నాడు. "నాకిష్టం. కానీ నా వంటింట్లో కుర్రకారు ఎక్కువ, పొద్దున్నుంచీ తడి చేతులే. వానాకాలం వచ్చిందంటే వీటికి తుప్పు వదిలించలేక చస్తున్నాం. మా మేనేజరు మొత్తం స్టెయిన్‌లెస్ తెప్పిస్తానంటున్నాడు."

షెడ్డులో సానరాయి చప్పుడు ఆగిపోయింది. నా భార్య వింటోందన్నమాట.

"నాకు ఒక మంచి మాట చెప్పండి," అన్నాడు వంటాయన. "ఈ వానలు వెళ్ళేలోపు తడి చేతికి తట్టుకునే కత్తి ఇవ్వగలరా? ఇస్తే నా వంటింటి మొత్తానికి మీ కత్తులే. ఇవ్వలేమంటే ఇప్పుడే చెప్పెయ్యండి, నేనేం అనుకోను."

"ఇస్తాం," అన్నారు మామయ్య. ఎలా ఇస్తారో ఆయనకీ తెలీదని ఆయన మొహమే చెప్తోంది.

తుప్పుకి మామయ్యకు తెలిసిన మందు ఒక్కటే, మెరుగు. అలుగుని చక్రం మీద ఎంత నున్నగా రుద్దితే నీటిబొట్టు అంత త్వరగా జారిపోతుందని ఆయన నమ్మకం. ఆయన కత్తిలో మొహం చూసుకుని మీసం దువ్వుకోవచ్చు. దువ్వుకునేవారు కూడా. ఆ రోజు నుంచి చక్రం ఆగితే ఒట్టు. పొద్దున్నే మొదలుపెట్టి చీకటి పడేదాకా గిర్రున తిప్పుతూనే ఉన్నారు. కత్తులు కళ్ళు చెదిరేలా వచ్చాయి. వాటిని తడిగుడ్డ కింద పెడితే పొద్దున్నకి, మరీ నా చేతి అంత కాకపోయినా, అక్కడక్కడా ఎర్రటి చుక్కలు పొడిచేవి.

నన్ను కొట్టులోంచి కూడా తప్పించారు. ఒక ఖాతాదారుకి చూపించడానికి అద్దాల బీరువాలోంచి కత్తి తీసి ఇచ్చాను, మర్నాడు ఆవిడ దాన్ని వెనక్కి తెచ్చి, ఇది ఎవరో వాడిన కత్తి అని పోట్లాడింది. మామయ్య ఆవిడకి వేరే కత్తి ఇచ్చి పంపారు. అత్తయ్య నా మీద జాలిపడి, "ఇటు రండి బాబూ, నాకు ఉల్లిపాయలు తరిగిపెడుదురు గాని," అన్నారు. అలా కత్తుల పని నేర్చుకోడానికి వచ్చినవాణ్ణి వంటింట్లో పీట మీద తేలాను.

నా భార్య మంచినీళ్ళకని వంటింట్లోకి వచ్చి నన్ను చూసింది. తను మాటలు పొదుపు. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు.

"మీరు వెళ్ళిపోతే నాకు బాగుండదు," అంది. గ్లాసు అక్కడ పెట్టి వెళ్ళిపోయింది. ఆ పూట నాకు ఉల్లిపాయల మీద పెట్టి ఏడవడానికి బాగా వీలైంది.

అత్తయ్య వంటింట్లో ఉన్నది ఒకే కత్తి. మసిబారినట్టు నల్లగా, వెలుగులో పెడితే నీలంగా, ఒక పక్క ఊదాగా ఉంటుంది. కత్తులవాళ్ళ ఇంట్లో ఇలాంటి కత్తా అని మొదట ఆశ్చర్యపోయాను. తర్వాత అలవాటైపోయింది. రోజూ దాంతోనే తరిగేవాణ్ణి. తరిగిన ముక్కల్ని తడి వేళ్ళతోనే అలుగు మీంచి గిన్నెలోకి తోసేవాణ్ణి.

ఒక పొద్దున్న దాన్ని గోడ మేకు నుంచి తీస్తున్నాను. బయట వాన దంచి కొడుతోంది. గోడలు చెమర్చాయి. ఉప్పు సీసాలో ఉప్పు నీరుకారిపోయింది. కత్తి మాత్రం నిన్న పెట్టినట్టే ఉంది. నేను దాన్ని ఇటు తిప్పాను, అటు తిప్పాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. నా ఐదు వేళ్ళూ ఏవి?

"అత్తయ్యా, దీన్ని రాత్రి మీరేమైనా తోమారా?"

"అయ్యో, తోమడమా!" అన్నారు ఆవిడ కంగారుగా, గుమ్మం వైపు ఒకసారి చూసి. "మెల్లగా మాట్లాడండి బాబూ. మీ మామయ్యగారి కంటపడిందంటే అద్దంలా తోమేస్తారు. ఆయన తోమిన రోజు ఏమవుతుందో తెలుసా? ఉల్లిపాయలు నల్లబడతాయి, కూరంతా ఇనుం కంపు. ఇలా రంగు తిరిగాక ఏ బాధా లేదు. అందుకే ఆయన ఇటొస్తే దాన్ని బియ్యం డబ్బా వెనక్కి తోసేస్తా."

"మరి తుప్పు?"

"ఎందుకు పడుతుంది? కోస్తా, కడుగుతా, వెంటనే పొడిగుడ్డతో తుడుస్తా. నానబెట్టను. ఎప్పుడైనా ఒక చుక్క నూనె రాస్తా. అంతే."

అంతే అన్నారావిడ. నాకు మాత్రం అప్పుడు అర్థమైంది. ఆ రంగు మురికి కాదు. ఉల్లిపాయ రసం, టమాటా రసం తగిలి తగిలి ఉక్కు తనకు తానే కట్టుకున్న పొర అది. మేం చక్రం మీద పెట్టి పొద్దస్తమానం ఊడగొడుతున్నది దాన్నే! ఇంత మెరుగు ఇంకెవరూ పెట్టలేరు, కాబట్టి ఇంత తుప్పు ఇంకెవరికీ పట్టదు.

కత్తి పట్టుకునే ఒక్క ఉరుకు ఉరికాను. వానలో తడుస్తూ, షెడ్డులోకి దూసుకుపోయి, "దొరికింది! దొరికింది!" అని అరిచాను. మామయ్య రెండడుగులు వెనక్కి వేశారు. మరదలు బల్ల చాటుకి దూరింది.

"ముందు కత్తి కింద పెట్టండి!" అంది నా భార్య.

పెట్టాను. మామయ్య దాన్ని చూశారు. ఆయన మొహం మారిపోయింది. "ఇది ఇంకా ఉందా! పోయిందన్నావు కదే!" అని, నా వెనకే కొంగు బిగించుకుంటూ వచ్చిన అత్తయ్యని నిలదీశారు.

"పోయిందనే అన్నాను. దొరకదని అనలేదు," అన్నారు అత్తయ్య.

మామయ్య చెయ్యి దానంతటదే చక్రం వైపు వెళ్ళింది. ఆ నల్లటి అలుగు చూస్తే ఆయనకి దురద పుట్టినట్టుంది. నా భార్య చక్రానికి అడ్డంగా నిలబడింది. నేను ఊపిరి తిప్పుకోకుండా అంతా చెప్పాను. చెప్పడం అయ్యాక నా అరచేతులు నిండా చెమటతో ఉన్నాయి, ఇంకేం కావాలి? ఆ కత్తి అలుగుని ఒక చేత్తో, మెరుగుపెట్టినదాన్ని ఇంకో చేత్తో గట్టిగా పట్టుకుని, రెంటినీ తడిగుడ్డ కింద పెట్టాను.

ఆ రాత్రి ఎవరు నిద్రపోయారో నాకు తెలీదు, నేనైతే పోలేదు. పొద్దున్నే ఐదుగురం గుడ్డ చుట్టూ చేరాం. మరదలు ఒక్క లాగు లాగింది. మెరిసే కత్తి మీద నా చెయ్యి ఎర్రగా వికసించి ఉంది. నల్ల కత్తి మీద ఏమీ లేదు.

మేం ఎగిరి గంతేశాం. మరదలు నా భార్యని పట్టుకుని గిర్రున తిప్పింది. అత్తయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. మామయ్య ఒక్కరే కదల్లేదు.

"బాగానే ఉంది," అన్నారు చివరికి. "కానీ అద్దంలాంటి కత్తికి మసి పూసి అమ్మమంటారా అల్లుడుగారూ? చూసినవాళ్ళు ఏమంటారు? ఆ చక్రం మీద నా చేతులు అరిగాయి."

నా భార్య, తలదించుకుని, "మీ మెరుపు బాగుంటుంది నాన్నా. మొదటి వాన దాకా ఉంటుంది," అంది.

ఆయన గొడుగు తీసుకుని బయటికి వెళ్ళిపోయారు. సాయంత్రం దాకా రాలేదు. మర్నాడు పొద్దున్న షెడ్డులోకి వెళ్తే చక్రం బెల్టు ఊడదీసి గోడకి తగిలించి ఉంది. మామయ్య ఒక కొత్త అలుగు సబ్బునీళ్ళతో కడుగుతూ కూర్చున్నారు.

"మీ అత్తయ్య కత్తి ఆ రంగు తిరగడానికి ఏళ్ళు పట్టింది. మనకి వానలు వెళ్ళేదాకానే టైముంది," అన్నారు నా వైపు చూడకుండా. "త్వరగా రావాలంటే ఏం చెయ్యాలి?"

ఇక చూడాలి మా ఇంట్లో సంబరం! అలాంటి రోజులు మళ్ళీ రాలేదు. ఉల్లిపాయలకి అలుగులు గుచ్చాం. బంగాళాదుంపలకి గుచ్చాం. నిమ్మకాయ రుద్దాం. ఆవపిండి ముద్ద పూశాం. టీ డికాషన్‌లో ముంచాం. ఇల్లంతా ఊరగాయ జాడీలో కాపురం ఉన్నట్టుంది. ఉల్లిపాయ ఇచ్చిన రంగు ముచ్చటగా ఉంది గానీ మచ్చలు మచ్చలుగా వచ్చింది. ఆవముద్దతో పులిచారలు వచ్చాయి, మరదలు అది తనకే కావాలని దాచుకుంది. నిమ్మరసంలో ఎక్కువసేపు మర్చిపోయిన అలుగు గుంటలు పడిపోయింది. వెచ్చటి వెనిగర్‌లో ముంచిన అలుగు మాత్రం సన్నగా బుడగలు వదిలి, మొదట పసుపుగా, తర్వాత నీలంగా, చివరికి వానమబ్బు రంగులోకి తిరిగింది.

అది తిరుగుతుంటే చూడ్డానికి మేం తలలు తలలు ఆనించుకుని గిన్నె చుట్టూ కూర్చునేవాళ్ళం. కానీ పైకి తీస్తే అక్కడక్కడా తెల్లటి మచ్చలు. రంగు అంటుకోలేదు. ఎన్నిసార్లు ముంచినా అంతే. అందరూ నా వంక చూశారు. నేను చేతులు వెనక్కి పెట్టుకుని, "దాన్ని నేను ముట్టుకోలేదు, ఒట్టు!" అన్నాను.

నా భార్య ఆ అలుగుని వెలుగులో పెట్టి చూసింది. మచ్చలు లావుగా, గుండ్రంగా ఉన్నాయి. మెల్లగా తండ్రి చెయ్యి పట్టుకుని దాని పక్కన ఆనించింది.

"నాన్నా! ఈసారి వేలిముద్రలు మీవి!" అని మరదలు పడీ పడీ నవ్వింది.

మామయ్య చేతికి ఎప్పుడూ యంత్రాల నూనె ఉంటుంది. ఆ నూనె ఉన్నచోట వెనిగర్ పట్టలేదు. ఆయన ఒక్క క్షణం బిక్కమొహం వేసి, తర్వాత మాతోపాటు కడుపు చెక్కలయ్యేలా నవ్వారు. ఆ రోజు నుంచి పద్ధతి కుదిరింది. సబ్బుతో జిడ్డంతా వదిలించడం, వెచ్చటి వెనిగర్‌లో ముంచి తీసి తుడవడం, మళ్ళీ ముంచడం, రంగు సమంగా వచ్చాక వంటసోడా నీళ్ళలో కడగడం, వెంటనే పొడిగా తుడిచి పల్చగా నూనె రాయడం. తర్వాత నా వంతు. మరదలు తాడు తెచ్చి నా చేతికిచ్చి, "గెంతండి బావా, చెమట రావాలి," అనేది. నేను షెడ్డు మధ్యలో తాడాట ఆడేవాణ్ణి. ఆడి, రొప్పుతూ వచ్చి అలుగులన్నీ పట్టుకునేవాణ్ణి. నా ఐదు వేళ్ళకి తట్టుకున్నది పక్కకి, తట్టుకోనిది మళ్ళీ గిన్నెలోకి.

వానలు పల్చబడుతున్న రోజుల్లో కత్తులు మూటకట్టుకుని మామయ్యా, నేనూ, నా భార్యా హోటలుకి వెళ్ళాం. వంటింట్లో పెద్ద పెద్ద పొయ్యిల మధ్య, ఆవిరిలో, వంటాయన మూట విప్పి చూశాడు. మొహం మాడ్చుకున్నాడు.

"ఏంటి పెద్దాయనా, పాతవి తెచ్చారు? మీ మెరుపంతా ఏమైంది?"

ఇన్నేళ్ళుగా తన మెరుపుని మెచ్చుకున్న మనిషి ముందు మామయ్య తలొంచుకుని నిలబడడం నేను చూడలేకపోయాను. నేనే ముందుకొచ్చి, "అయ్యా, మాటలెందుకు? నా చెమట సంగతి మీకు తెలీదు. ఒక మెరిసే కత్తీ, ఒక బూడిదరంగు కత్తీ నేను పట్టుకుని మీ బల్ల మీదే వదిలేస్తాను. పొద్దున్న మీరే చూడండి," అన్నాను. అనేశాక గుర్తొచ్చింది, మేం మెరిసే కత్తి తేలేదు.

మామయ్య చొక్కా లోపలి నుంచి గుడ్డలో చుట్టినదేదో తీశారు. విప్పారు. ఆయన చేసిన వాటిల్లోకెల్లా అందమైన కత్తి అది. ఎవరికీ అమ్మలేదు. అది తెచ్చినట్టు మాకెవరికీ చెప్పలేదు. వంటింటి దీపాలన్నీ దాంట్లో కనిపించాయి.

"దీన్ని పట్టుకోండి అల్లుడుగారూ," అన్నారు, పక్కకి చూస్తూ.

నాకు చేతులు రాలేదు. "మామయ్యా, ఇది వద్దు," అన్నాను.

"పట్టుకోండి. గట్టిగా."

పట్టుకున్నాను. ఆ పొయ్యిల వేడికి నా చేతులకి తాడాట అక్కర్లేకపోయింది.

మర్నాడు మేం వెళ్ళేసరికి హోటలు కుర్రాళ్ళంతా బల్ల చుట్టూ మూగి ఉన్నారు. ఒకరి భుజాల మీంచి ఒకరు తొంగిచూస్తున్నారు. అద్దంలాంటి కత్తి మీద నా చెయ్యి, గీతలతో సహా, ఎర్రగా పడి ఉంది. బూడిదరంగు కత్తి నిన్న పెట్టినట్టే ఉంది. వంటాయన దాన్ని తీసి ఒక టమాటా మీద ఆనించాడు. చప్పుడు లేకుండా దిగిపోయింది. ముక్కని వెలుగులో పెట్టి చూస్తే అవతలి పొయ్యి కనిపించింది. ఆయన నా భార్య వైపు తిరిగి, "పదును మీదేనా అమ్మా?" అన్నాడు. తను తలూపింది.

"కుర్రాళ్ళూ, అందరూ వినండి!" అని వంటాయన గరిటతో బల్ల మీద కొట్టాడు. "రేపట్నుంచి మన వంటింటికి ఇవే కత్తులు."

"ఒక మాట," అన్నారు మామయ్య. ఆయన గొంతు మళ్ళీ పాత గొంతులా గట్టిగా ఉంది. "దీనికి రంగు ఉంది కదా అని సింకులో నానేస్తే ఇదీ తుప్పు పడుతుంది. పని అవ్వగానే కడగాలి, వెంటనే తుడవాలి. తుడవనివాడికి నా కత్తి ఇవ్వొద్దు. పీచు పెట్టి తోమేవాడికి అసలే ఇవ్వొద్దు." అంటూనే ఆయనకి తన చక్రం గుర్తొచ్చినట్టుంది, మీసం చాటున నవ్వుకున్నారు.

దారంతా మా కాళ్ళు నేల మీద నిలవలేదు. నా భార్య, నడివీధిలో, తండ్రి ముందే, నా చెయ్యి పట్టుకుంది. చెమట చేతిని, ఇంటిదాకా వదల్లేదు.

వానలు ఆగిపోయాయి. ఎండ రేకుల మీద చిటపటలాడిన రోజున షావుకారు ఫోను చేశాడు. అప్పుడు షెడ్డు నిండా పని. కొలిమి మండుతోంది, అత్తయ్య వెనిగర్ వెచ్చబెడుతున్నారు, మరదలు పిడులు బిగిస్తోంది, నా ముందు కొత్తగా రంగు తిరిగిన కత్తులు వరసగా ఉన్నాయి.

"ఏమయ్యా, వానలు తగ్గాయి. రేపొస్తావా? వేరేవాణ్ణి పెట్టుకోనా?" అని షెడ్డంతా వినబడేలా అరిచాడు.

నేను నోరు తెరిచాను. మామయ్య పని నేర్పుతానన్నారే గానీ, ఇక్కడే ఉండిపొమ్మని ఇంతవరకూ నోరారా ఒక్క మాట అనలేదు. నేనుగా ఎలా చెప్పేది? అందరి మొహాలూ చూస్తున్నాను. సానరాయి ముందు నా భార్య చెయ్యి ఆగిపోయింది. మామయ్య కొలిమి దగ్గర్నుంచి లేచి వచ్చి, నా చేతిలోంచి ఫోను లాక్కున్నారు.

"నమస్కారమండీ. మావాడు రాడు," అన్నారు. "వేరేవాళ్ళని పెట్టుకోండి. మావాడి చెయ్యి పడకుండా ఇక్కణ్ణుంచి కత్తి బయటికి పోదు."

పెట్టేసి, ఫోను బల్ల మీద పడేశారు. నేను ఇంకా నోరు తెరుచుకునే ఉన్నాను.

"ఏంట్రా అలా గుడ్లప్పగించి చూస్తావు?" అని కసిరారు. "రేపు పొద్దున్నే పంపాలి. పట్టు!"

నేను పట్టుకున్నాను.